పేజీ మూశాక జరిగిన పందెం

మన రాష్ట్రంలో కార్ల పందేలు లేకపోవడం వల్ల ఎవరికైనా నష్టం జరిగిందని అంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ మంత్రిగారొకాయనకి విదేశీ పర్యటనలో చూడాల్సినవన్నీ చూసేశాక ఇంకా రెండు రోజులు మిగిలాయి. ఆ రెండు రోజులూ ఏం చేయాలో తోచక స్టాక్ కార్ల పందెం చూశారు. స్టాక్ కార్లంటే పందేల కోసమే పుట్టిన జమీందారీ కార్లు కావు. వీధిలో తిరిగే మామూలు కార్లనే సీట్లూ సోకులూ పీకేసి, లోపల ఇనుప పంజరం బిగించి, గుండ్రటి దారిలో నలభై చుట్లు తిప్పుతారు. రాసుకుంటాయి, గుద్దుకుంటాయి. నలభై చుట్లూ ముందుగా పూర్తిచేసిన కారుకి గళ్ళ జెండా ఊపుతారు. మంత్రిగారు తిరిగొచ్చిన నెల్లాళ్ళకల్లా రాష్ట్ర స్టాక్ కార్ పందేల ప్రోత్సాహక మండలి వెలిసింది. దానికొక చైర్మన్, ఒక సభ్య కార్యదర్శి, వాళ్ళకు తలా ఒక కారు వచ్చాయి. పందేనికి కావలసిన కార్లు మాత్రం ప్రజల దగ్గర ఉంటాయని మండలి నమ్మింది.

ఆ నమ్మకం వమ్ము కాలేదు. ఏటిపాలెం ఆటోనగర్‌లో నాంచారయ్య మేస్త్రీకి ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఒక పాత అంబాసిడర్, ఆ అంబాసిడర్‌ని చెప్పినమాట వినేలా చేయగల కూతురు సామ్రాజ్యం ఉన్నారు. సామ్రాజ్యం స్కూలు వ్యాను నడుపుతుంది. ఇరవై రెండు మంది పిల్లల్ని ఎక్కించుకుని రైల్వే గేటు పడేలోపు దాటించడంలో ఆమెకు పన్నెండేళ్ళ అనుభవం ఉంది. రాష్ట్ర ఛాంపియన్ అయినవాళ్ళని మండలి జాతీయ పందేనికి పంపుతుందని, అక్కడ ముప్పై అయిదేళ్ళు దాటినవాళ్ళని రానివ్వరని తెలిసిన రోజున ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. ముప్పై నాలుగు నిండి నాలుగు నెలలు. వెళ్తే ఈ ఏడే వెళ్ళాలి. తండ్రీ కూతుళ్ళు మూడు నెలలు ఆ అంబాసిడర్ కిందే కాపురమున్నారు.

సామ్రాజ్యం మొగుడు పానకాలరావు 'ప్రజాదుందుభి' దినపత్రికకు ఏటిపాలెం విలేకరి. చెడ్డవాడేమీ కాదు, కాకపోతే పని తెలిసినవాడు. జిల్లా పేజీ సాయంత్రం ఐదున్నరకి మూసేస్తారు. ఊళ్ళో సభలేమో ఆరింటికి గాని మొదలు కావు. కాబట్టి సభ ఘనంగా జరిగిందని నాలుగున్నరకే రాసి పంపడం ఈ వృత్తిలో మొదటి పాఠం. ఒకసారి ముఖ్య అతిథి ఉత్తేజపూరితంగా ప్రసంగించారని పానకాలరావు రాశాడు. ఆయన జ్వరమొచ్చి రానేలేదు. మర్నాడు ఫోన్ చేసి, చాలా బాగా మాట్లాడాను నాయనా అని మెచ్చుకున్నాడు. అప్పటినుంచీ పానకాలరావుకి తన కలం మీద గురి మరీ కుదిరింది.

మొత్తం నాలుగు పందేలు, అన్నీ ఆటోనగర్ గుండ్రటి దారిలోనే. మొదటిది మూడింటికి మొదలవ్వాలి. పన్నెండు కార్లూ, పన్నెండు వేల మంది జనమూ ఎండలో మాడుతున్నారు. మంత్రిగారి జాడ లేదు. ఐదూ ఇరవై ఐదుకి పానకాలరావు ఫోను మోగింది. జిల్లా పేజీ చూసే డెస్క్ ఇన్‌ఛార్జి భాస్కరం.

"పేజీ మూసేస్తున్నానయ్యా. గెలిచిందెవరో చెప్పు."

"ఇంకా మొదలవలేదండీ."

"మొదలవడంతో నాకేం పని? నాకు ముగింపు కావాలి. నాలుగు కాలమ్‌లు ఖాళీ వదిలా. అందులో నీ ఫోటో వెయ్యమంటావా?"

పానకాలరావు కార్ల వైపు చూశాడు. వరసలో మొదట నిలబడిన కారు చైర్మన్ గారి మేనల్లుడు దినకర్‌ది. ఒంటినిండా మెరిసే సూటు, చేతులకు గ్లౌజులు, పక్కన ముగ్గురు ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. "దినకర్ అని వేసెయ్యండి. ఆఖరి మలుపులో మెరుపులా దూసుకుపోయాడు" అన్నాడు. తేడా వస్తే తర్వాత మార్పించవచ్చులే అనుకున్నాడు.

మంత్రిగారు ఆరింటికి వచ్చారు. దండలూ ప్రసంగాలూ అయ్యాక ఏడింటికి పందెం మొదలైంది. ముప్పై ఎనిమిదో చుట్టులో దినకర్ కారు మలుపు తప్పి, రక్షణ కోసం పేర్చిన పాత టైర్ల గుట్టలోకి బానెట్టు దాకా దూరిపోయింది. సామ్రాజ్యం, గేటు పడబోతోందని తెలిసిన మనిషిలా, తొణక్కుండా పక్కనుంచి తీసి రెండు కార్ల దూరంతో మొదట వచ్చింది. నాంచారయ్య భుజం మీది తువ్వాలు గాల్లోకి విసిరి, మళ్ళీ ఏరుకోవడం మర్చిపోయాడు. పానకాలరావు చప్పట్లు కొట్టాడు. నిజంగా సంతోషపడ్డాడు కూడా. ఆ సంతోషం పావు నిమిషం ఉంది. తర్వాత భాస్కరానికి ఫోన్ చేస్తే, అచ్చు ప్లేటు మిషనెక్కేసింది, రేపు సవరణ వేద్దాంలే అన్నాడు.

వేదిక మీది పెద్దలకు ఇవేవీ తెలియవు. కెమెరాలకు ముఖాలు కనబడాలని కుర్చీలన్నీ జనం వైపు వేయించారు. పందెం వాళ్ళ వీపుల వెనకాల జరిగింది. గెలిచిందెవరని మంత్రిగారు అడిగితే సభ్య కార్యదర్శి విశ్వేశ్వరం గారు వినయంగా, "రేపు పత్రికలో వస్తుందండీ" అన్నారు.

వచ్చింది. నాంచారయ్య పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి, విప్పి చూడకుండానే ఇరవై పేపర్లు కొన్నాడు, షెడ్డుకొకటి చొప్పున పంచుదామని. ఇంటికొచ్చి విప్పాడు. రెండుసార్లు చదివి అడిగాడు: "అల్లుడుగారూ, ఇది నిన్నటి పందేనిదేనా?"

పానకాలరావు ఐదున్నర సంగతి, పేజీ సంగతి, ప్లేటు సంగతి చెప్పుకొచ్చాడు. సామ్రాజ్యం టిఫిన్ డబ్బా మూత పెడుతూ అంతా విన్నది.

"పేజీ సంగతి కాదండీ నేనడిగేది" అంది. "ఎవరో ఒకళ్ళ పేరు చెప్పాలన్నారు, బానే ఉంది. పన్నెండు మందిలో నా పేరెందుకు రాలా మీ నోటికి?"

"అందరూ దినకరేనని అనుకుంటుంటే..."

"అందరి సంగతి సరే."

అబద్ధమైనా ఒక జవాబు తయారుగా ఉండాల్సింది. ఆమె వ్యాను తాళం తీసుకుని వెళ్ళిపోయింది. పానకాలరావుకి సిగ్గేసింది. ఈ తప్పు దిద్ది తీరాలనుకుని, మొహం కడుక్కుని మండలి కార్యాలయానికి బయల్దేరాడు.

విశ్వేశ్వరం గారు ముందు మంచినీళ్ళు ఇప్పించారు. తర్వాత ఫైలు తెప్పించారు. "సదరు దినకర్ గెలుపొందినట్లు పత్రికా ప్రతి జతపరచబడియున్నది. దీని ఆధారముగా మంత్రివర్యులు శుభాకాంక్షలు కూడా తెలియజేసియున్నారు. తెలియజేసిన శుభాకాంక్షలను ఉపసంహరించు పద్ధతి నిబంధనావళిలో లేదు. సదరు శ్రీమతి గెలుపొందినట్లు తమ వద్ద ఏమున్నది?"

"పన్నెండు వేల మంది చూశారండీ."

"వారి పేర్లు, తండ్రి పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు సమర్పించండి."

"రాసింది నేనేనండీ. చూడకుండా రాశాను."

"ఆ మాట తమరు నేడు మౌఖికముగా సెలవిస్తున్నారు. నిన్న లిఖితపూర్వకముగా అచ్చులో సెలవిచ్చారు. దేనిని పరిగణించమంటారు?"

"అయితే రేపు సవరణ వేయిస్తాను."

"తప్పక వేయించండి. మండలి ధ్రువపత్రము ఆధారముగా వేయించండి."

"ఆ ధ్రువపత్రం ఇప్పించండి మరి."

"సవరణ అచ్చయిన ప్రతిని జతపరిస్తే తక్షణమే ఇవ్వబడును."

భాస్కరం కూడా అదే అన్నాడు, కాకపోతే తెలుగులో. మండలి లెటరు పట్రా, వేస్తా. ఊరికే తప్పు రాశామని వేసుకుంటే మిగతావి కరెక్టా అని అడుగుతారు జనం. మండలి పేపరు వైపు వేలు చూపించింది, పేపరు మండలి వైపు చూపించింది. ఆ రెండు వేళ్ళ మధ్య పానకాలరావు పన్నెండు రోజులు తిరిగి, చెప్పులరగ్గొట్టుకుని మానేశాడు.

దినకర్ పాపం మొదట్లో మంచివాడే. మర్నాడు సాయంత్రమే షెడ్డుకొచ్చి, "గెలిచింది నువ్వే అక్కా. నన్ను టైర్లలోంచి నలుగురు లాగారు" అని ఒప్పుకున్నాడు. కానీ ఊరంతా అతని ఫ్లెక్సీలు లేచాయి. రెండు సన్మానాలు జరిగాయి. మూడో వారానికి పానకాలరావుకే ఇంటర్వ్యూ ఇస్తూ, ఆఖరి మలుపులో ఒక్క క్షణం కళ్ళు మూసుకుని అమ్మని తలుచుకున్నానని చెప్పాడు. చెబుతుంటే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పానకాలరావు ఆ నీళ్ళు కూడా రాసుకున్నాడు.

ఈలోగా వివాదం పైదాకా పోయి త్రిసభ్య సంఘం పడింది. సంఘం రెండుసార్లు ఇక్కడా, ఒకసారి చల్లగా ఉంటుందని కొండల మీదా సమావేశమై నివేదిక ఇచ్చింది. మోసం జరగలేదు, 'పందెమునకును పత్రికకును నడుమ సమన్వయ లోపము' మాత్రమే జరిగిందని తేల్చింది. పత్రిక ఐదున్నరకి మూతపడడం మార్చడానికి వీల్లేనిది. పందెమా, ఎలా కావాలంటే అలా జరిపించుకోదగినది. కనుక ఇకమీదట ఫలితాలు ముందురోజే పత్రికకు అందజేసి, మర్నాడు పందేన్ని వాటికి అనుగుణంగా నడిపించవలెను. ప్రతి డ్రైవరుకూ స్థాన కేటాయింపు పత్రం ముందే ఇస్తారు. తమకంటే మెరుగైన స్థానం కేటాయింపబడిన కారును దాటుట నేరముగా పరిగణింపబడును.

ఇంత తెలివి అంతవరకూ ఎవరికీ తట్టలేదే అని అందరూ ఆశ్చర్యపోయారు. మండలి దీనికి సమన్వయ క్రీడా విధానమని పేరు పెట్టింది.

రెండో పందేనికి సామ్రాజ్యానికి ఏడో స్థానం కేటాయించారు. ఆ పత్రాన్ని ఆమె మడిచి, డోరు గడగడలాడకుండా సందులో కుక్కింది. ఒక చుట్టు మొత్తం తేడాతో మొదట వచ్చింది. దినకర్ గెలిచినట్టు పేపర్లో అప్పటికే వచ్చేసింది కాబట్టి అతనే గెలిచాడు. సామ్రాజ్యానికి మాత్రం వారం తిరక్కుండా మెమో వచ్చింది. 'తమకు కేటాయించిన ఏడవ స్థానమును ముందస్తు అనుమతి లేకుండా విడిచిపెట్టి, మొదటి స్థానమును ఆక్రమించినందుకు తమపై ఏల చర్య తీసుకొనరాదో' చెప్పమని ఉంది అందులో.

నాంచారయ్య ఆ మెమోకి అద్దం కట్టించి షెడ్డు గోడకి తగిలించాడు. "గవర్నమెంటు వారు మా అమ్మాయి మొదటొచ్చిందని రాసిచ్చిన కాయితం అల్లుడుగారూ. ఇదొక్కటే ఉంది లోకంలో" అన్నాడు.

పానకాలరావు బుర్రలో దీపం వెలిగింది. ఆ మెమో నకలు పట్టుకుని మళ్ళీ విశ్వేశ్వరం గారి దగ్గరికి పరిగెత్తాడు. మొదటి స్థానం ఆక్రమించిందని మీరే రాశారు కదండీ అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అది క్రమశిక్షణ ఫైలు. ఫలితముల ఫైలు వేరు. ఒక ఫైలులోని సత్యమును మరియొక ఫైలునందు వాడరాదు" అన్నారు. దీపం ఆరిపోయింది.

మూడో పందెం నాడు తుఫాను పట్టుకుంది. ఆటోనగర్ పందెం దారంతా మోకాలి లోతు నీళ్ళు. ఒక్క కారు కూడా కదల్లేదు. ఫలితాలు మాత్రం పొద్దున్నే వచ్చాయి. పన్నెండు స్థానాలూ, వాటికి పాయింట్లూ, దినకర్ చిరునవ్వూ అచ్చయ్యాయి. ప్రమాదాలు సున్నా, ఫిర్యాదులు సున్నా, పత్రికతో పొంతన నూటికి నూరు శాతం అని మండలి గర్వంగా ప్రకటించింది. పక్క రాష్ట్రాల అధికారులు అధ్యయనానికి వచ్చి, ఆ నీళ్ళ పక్కన నిలబడి ఫోటోలు దిగి వెళ్ళారు.

పానకాలరావు ఇప్పుడు మామూలు విలేకరి కాడు. జాబితా మండలిదే అయినా అచ్చయ్యేది అతని చేతి మీదుగా కనుక, డ్రైవర్లూ వాళ్ళ ఇంటివాళ్ళూ పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్ళు. "మావాడికి సంబంధాలు చూస్తున్నాం బాబూ, నాలుగో స్థానం అయితే అవతలివాళ్ళకి చెప్పుకోడానికి బాగుంటది" అని ఒక తల్లి. "మా బావగారికంటే వెనకాల వెయ్యండి సార్, ఇంట్లో గొడవైపోతంది" అని ఒక బావమరిది. సామ్రాజ్యం వాళ్ళందరికీ కాఫీలిచ్చేది. మొగుడితో పోట్లాడలేదు. బండి సంగతులు, రోడ్డు సంగతులు చెప్పడం మానేసిందంతే. అన్నం పెట్టేది, కూర చాలా అని అడిగేది. పోట్లాడితే బాగుండునని పానకాలరావు చాలాసార్లు అనుకున్నాడు.

ఆఖరి పందెం దగ్గరపడగా రెండు సంగతులు జరిగాయి. ప్రేక్షకుల్లో ఉత్కంఠ తగ్గకూడదని మండలి ఇదివరకటి పాయింట్లన్నీ కొట్టేసి, ఆఖరి పందెం గెలిచినవాళ్ళే ఛాంపియన్ అని ఉత్తర్వు ఇచ్చింది. అదే వారం చైర్మన్ గారి పదవీకాలం ముగిసి కొత్తాయన వచ్చారు.

విశ్వేశ్వరం గారు పానకాలరావుని పిలిపించారు. "నూతన చైర్మన్ గారి బంధువర్గములో కారు నడుపువారు ఎవరును లేరు. అందుచేత మొదటి స్థానము ప్రస్తుతము ఖాళీగా ఉన్నది. తమరు విశ్వసనీయులు. ఐదున్నరలోగా తగిన పేరును పూరించుకోగలరు" అన్నారు.

పానకాలరావు సామ్రాజ్యం పేరు రాశాడు. పొద్దున్నే తనే బస్టాండుకి వెళ్ళి పేపరు తెచ్చి భార్య చేతికిచ్చాడు. ఆమె ఆసాంతం చదివింది.

"అయితే ఇయ్యాల నేను గెలుస్తానన్నమాట."

"గెలిచేశావు" అన్నాడు సంతోషంగా. "జాతీయ పందేనికి వెళ్తున్నావు."

ఆమె హెల్మెట్ తీసుకుని తండ్రి షెడ్డుకి బయల్దేరింది.

పందెంలో ఆమెను ఎవరూ దాటబోలేదు. దాటితే మెమో. ముప్పై తొమ్మిది చుట్లు అంబాసిడర్ ముందు నడిచింది, వెనకాల పదకొండు కార్లు పెళ్ళివారిలా నడిచాయి. నలభయ్యో చుట్టులో, గీత ఇంకా పది అడుగులుందనగా సామ్రాజ్యం బండి ఆపేసింది. ఇంజను కట్టేసి, హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక పదకొండు కార్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పక్కన లారీ పట్టేంత దారి ఉంది. ఒక్కడూ కదల్లేదు.

విశ్వేశ్వరం గారు వేదిక దిగి పంచె ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "అమ్మా, మరియొక పది అడుగులు ముందుకు దయచేయవలె."

"పేపర్లో వచ్చేసిందిగా సార్, మళ్ళీ పెట్రోలు దండగెందుకు?"

"గీత దాటుట నియమము."

"నేను దాటను. ఎవళ్ళైనా నన్ను దాటి గెలుచుకోమనండి."

ఆయన పదకొండు కార్ల వైపు చూశారు. పదకొండు మందీ నేల చూపులు చూశారు. దినకర్ అయితే గ్లౌజులు సర్దుకున్నాడు. కార్యదర్శి గారు ఫోన్లో పైవాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడి, మనుషుల్ని పిలిచి, బస్తా సున్నం తెప్పించారు. అంబాసిడర్ ముందు చక్రాల కింద కొత్త గీత పోయించారు. గళ్ళ జెండా ఊపారు. సాంకేతిక సర్దుబాటు అని మైకులో ప్రకటించారు. వేదిక మీది వాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ పూట పానకాలరావు, ఉద్యోగంలో మొదటిసారి, కళ్ళతో చూసింది చూసినట్టు రాసి పంపాడు. భాస్కరం చదివి నవ్వాడు. "ఫలితం పొద్దున వేశాం గదయ్యా. అయిపోయిన పందేనికి రెండోసారి వార్తేంటి?"

జాతీయ పందేనికి అంగీకార పత్రం మీద సామ్రాజ్యం సంతకం పెట్టలేదు. పానకాలరావు బతిమాలాడు, ఇంకో ఏడాదైతే వయసు దాటిపోతుందన్నాడు.

"తెలుసు" అంది. "రెండుసార్లు గెలిస్తే పంపలా. గెలవనప్పుడు పొమ్మంటున్నారు. ఆశ లేదని కాదండీ. నాకెంత ఆశుందో మా నాన్నకి తెలుసు. ఇట్టా మాత్రం పోలేను."

అంగీకార పత్రాన్ని మడిచి అతని జేబులో పెట్టింది.

పానకాలరావు కార్యాలయానికి వెళ్ళి, ఆమె వెళ్ళదని చెప్పాడు. విశ్వేశ్వరం గారు ఏమాత్రం చలించలేదు. "వెళ్ళకపోవుట వారి వ్యక్తిగత విషయము. వెళ్ళినట్లు వార్త వెలువడుట మండలి విషయము. అవతలి రాష్ట్రముల పత్రికలు మన ప్రాంతమునకు రావు. స్థానము మాత్రము తమరే చూసి వేసుకోండి" అన్నారు.

పది రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున సామ్రాజ్యం వాకిట్లో స్కూలు వ్యాను టైరు మారుస్తోంది. చేతులు మోచేతుల దాకా గ్రీజు. నాంచారయ్య పక్కన జాకీ పట్టుకుని కూర్చున్నాడు. పానకాలరావు పేపరు తెచ్చి, ఆమెకు చదవడానికి వీలుగా ముందు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఫోటో, నాలుగు కాలమ్‌ల వార్త. జాతీయ పందెంలో ఏటిపాలెం మహిళ ప్రతిభ. హోరాహోరీ పోరులో రెండో స్థానం.

సామ్రాజ్యం నట్టు బిగిస్తూనే చదివింది.

"ఇది మీరే రాశారా?"

"నేనే. మండలి వాళ్ళు స్థానం నన్నే వేసుకోమన్నారు."

"వాళ్ళేమీ చెప్పలా?"

"లేదు. నా ఇష్టానికే వదిలేశారు."

ఆమె స్పానర్ కింద పెట్టింది.

"మరి రెండెందుకండీ?"

పానకాలరావు కాస్త తడబడ్డాడు. "జాతీయ స్థాయి గదా సామ్రాజ్యం. మరీ మొదటి స్థానం అంటే ఎవరూ నమ్మరేమోనని..."

నాంచారయ్య తల వంచుకుని జాకీ వైపు చూస్తూ ఉండిపోయాడు. సామ్రాజ్యం మొగుడి మొహంలోకి చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో.

"ఊరికే రాసుకునేదానికి కూడా మీకు చెయ్యి రాలా" అంది, మళ్ళీ స్పానర్ అందుకుని.